బడి గోడ మీద బొంత: ఒక సంవాదం

1876లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎలెన్ హార్డింగ్ బేకర్ అనే ఆవిడ సౌరకుటుంబాన్ని ఉన్ని గుడ్డ మీద కుట్టింది. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాల కక్ష్యలు, గ్రహాల పక్కన ఉపగ్రహాలు, ఒక పక్క పొడవాటి తోకచుక్క. చూస్తే దుప్పటే గానీ దాని పని వేరు. వెస్ట్ బ్రాంచ్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చేటప్పుడు దాన్నే పటంగా వాడింది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. క్విల్ట్‌తో పాఠం చెప్పడం నిన్నామొన్నటి సరదా కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

క్విల్ట్ అంటే మూడు పొరల దుప్పటి. పైన ముక్కలు అతికి కుట్టిన గుడ్డ, నడుమ దూది లేదా ఉన్ని, అడుగున మరో గుడ్డ. ఈ మూడూ జారిపోకుండా పట్టి ఉంచేది పైనుంచి కిందిదాకా దిగే కుట్టు. తెలుగు ఇళ్లలో బొంత దీనికి దగ్గర చుట్టం. పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి వరస కుట్లు వేసుకుంటూ వస్తారు, నడుమ దూది పెట్టడం తక్కువ. అమెరికా బళ్లలోకి క్విల్ట్ మూడు దారుల్లో వచ్చింది. లెక్కల గంటలో భిన్నాలకు, సౌష్ఠవానికి. సాంఘికశాస్త్రంలో బానిసత్వానికి, వలసలకు. గ్రంథాలయంలో బొమ్మల కథల పుస్తకాలకు తోడుగా. పిల్లలు తలా ఒక ముక్క చేసి, అన్నిటినీ కలిపి ఒక ఉమ్మడి క్విల్ట్‌గా గోడకు వేలాడదీయడం అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో మామూలు.

ఇదంతా చదువా, చదువు పేరు పెట్టుకున్న అలంకారమా అన్నది ఇక్కడి వాదం. వాదించే ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకరు టెక్సస్‌లో ప్రాథమిక పాఠశాల లైబ్రేరియన్. రెండోవారు ఆమె మేనమామ. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉండడానికి వచ్చిన మాస్టారు. క్విల్ట్ మీద ఆయనకు పగేమీ లేదు. గంట వృథా కావడం మీద ఉంది.

మాస్టారి మొదటి దెబ్బ బేకర్ మీదే పడింది. "ఆవిడ చేసింది పటం, అమ్మాయ్. కాగితం మీద గీసినా అదే పాఠం. గుడ్డ అయినందుకు గ్రహాలకు ఒరిగిందేమిటి?"

గీసేవాళ్లు గీత తప్పితే చెరుపుకోవచ్చు, కుట్టేవాళ్లు ముందే కొలుచుకోవాలి అన్నది లైబ్రేరియన్ జవాబు. ఏ కక్ష్య ఎంత దూరంలో పడాలో గుడ్డ కత్తిరించే ముందే బేకర్ తేల్చుకుని ఉండాలి.

"సరే, ఆవిడ కొలిచింది. ఎదురుగా కూర్చున్నవాళ్లు కొలిచారా? పాఠం కుట్టిన మనిషికి అందింది. చూసినవాళ్లకు అందింది బొమ్మ."

ఈ మాటను ఆమె తోసిపుచ్చలేదు. పైగా అక్కడినుంచే తన వాదం అల్లుకుంది. క్విల్ట్ కుట్టేవాళ్లకు ఒకటి నేర్పుతుంది, చూసేవాళ్లకు ఇంకొకటి. బళ్లు తరచు ఈ రెంటినీ కలగాపులగం చేసి ఏదీ సరిగా చెప్పకుండా వదిలేస్తాయి. కుట్టేవాళ్లకు దక్కేది కొలత. చూసేవాళ్లకు దక్కవలసింది, ఇది ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ గుడ్డతో, ఆ సంగతి మనకెలా తెలిసింది అన్న విచారణ.

లెక్కల వైపు ఆమె చూపించింది తొమ్మిది గళ్ల ముక్క. మూడు వరసలు, వరసకు మూడు చదరాలు; క్విల్ట్ నేర్చుకునేవాళ్లు సాధారణంగా దీనితోనే మొదలుపెడతారు. నాలుగో తరగతి పిల్లలకు తలా మూడంగుళాల చదరాలు తొమ్మిదేసి ఇచ్చి, కుట్టాక భుజం ఎంతుంటుందని అడిగితే తొమ్మిది అంగుళాలనే అంటారు. కుట్టాక స్కేలు పెడితే ఎనిమిదే వస్తుంది. కుట్టు దగ్గర ఒక్కో ముక్క అంచున పావు అంగుళం మార్జిన్ లోపలికి పోతుంది. రెండు ముక్కలు కలిసే చోట అర అంగుళం. వరసలో కుట్లు రెండు కాబట్టి అంగుళం పోయింది. ఆ ముక్కను పెద్ద క్విల్ట్‌లో కలిపినప్పుడు బయటి అంచుల్లో మరో రెండు పావులు పోయి, చివరకు కనబడేది ఏడున్నర అంగుళాలు. 81 చదరపు అంగుళాల గుడ్డ 56.25కు దిగింది. అంటే కత్తిరించిన గుడ్డలో 30 శాతానికి పైగా కుట్ల కిందే దాక్కుంది.

"తొమ్మిది ఎందుకు రాలేదో పిల్లలు తామే వెతుకుతారు మామయ్యా. నల్లబల్ల మీద మూడు మూళ్లు తొమ్మిది అని రాస్తే ఆ ప్రశ్న పుట్టదు."

లెక్క కనబడేసరికి మాస్టారు మెత్తబడ్డారు, కానీ ఆమె ఊహించిన వైపు కాదు. ఇంతా చెప్పాక, బళ్లలో జరిగేది మాత్రం రంగుకాగితాల చదరాలు అట్ట మీద జిగురుతో అంటించడమేగా అని ఆయన ప్రశ్న. కాగితానికి మార్జిన్ లేదు. మూడంగుళాల కాగితం అంటించాక కూడా మూడంగుళాలే. పాఠమంతా ఏ పావు అంగుళంలో ఉందో దాన్ని తీసేసి, మిగిలిన రంగులకు గణితం అని పేరు పెట్టడం ఆయనకు మింగుడు పడలేదు. "చేస్తే గుడ్డతో చెయ్యండి, లేకపోతే భిన్నాలు బోర్డు మీదే చెప్పండి. ఈ మధ్యరకం ఎందుకు?"

సమర్థించవలసిన ఆవిడ వెనక్కి తగ్గింది, విమర్శించవలసిన ఆయన సూది పట్టమన్నారు. చిన్న తరగతులకు కాగితమే గతి అని ఆమె వాదన. ఆరేళ్ల పిల్లలు పాతిక మంది, సూదులు పాతిక. గంట అయ్యేసరికి సూదులన్నీ లెక్కకు రావాలి. ఒకటి కార్పెట్‌లో తప్పిపోతే ఆ రోజుకు గ్రంథాలయం మూతే. పైగా ఆ వయసులో నేర్పేది కొలత కాదు. సగం, పావు, ఎడమను తిప్పితే కుడి, అంతే. అందుకు కాగితం చాలు. మూడు, నాలుగు తరగతుల్లో మాత్రం కాగితం దగ్గరే ఆగిపోవడం బద్ధకమని ఆమె ఒప్పుకుంది. మొన లేని లావు సూది, మందపాటి నూలు దారం, గట్టి గుడ్డ ఇస్తే ఆ వయసు పిల్లలు కుట్టగలరు. కుట్టు వంకర పోతే పోనివ్వచ్చు.

ఈ లెక్కకు పెద్ద తరగతుల కొనసాగింపు ఒకటుంది. చదరాన్ని ఐమూలగా కోస్తే వచ్చే త్రిభుజాలతోనే క్విల్ట్ నమూనాలు సగం నడుస్తాయి. కుట్టాక భుజం మూడంగుళాలు కనబడాలంటే చదరాన్ని ఎంత కోయాలి? కుట్టేవాళ్ల సూత్రం: కావలసిన కొలతకు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు కలుపు. ఎందుకని అడిగితే పుస్తకాల్లో ఎక్కువగా జవాబుండదు. మాస్టారు అక్కడికక్కడే కాగితం తీసుకుని తేల్చారు. త్రిభుజం మూడు వైపులా పావు అంగుళం బయటికి జరిపితే లంబకోణం ఉన్న చివర ఒక పావు పెరుగుతుంది. రెండో చివర ఒక పావుతో ఆగదు. కర్ణం వాలుగా ఉంటుంది కాబట్టి రెండు వర్గమూలంలో నాలుగో వంతు, అంటే 0.3535, అదనంగా పెరుగుతుంది. మొత్తం 0.8535. ఎనిమిదింట ఏడు వంతులంటే 0.875. తేడా అర మిల్లీమీటరు, కత్తెర పోటుకే పోతుంది. పైథాగరస్ పేరు వినకుండానే ఆడవాళ్లు రెండు వర్గమూలాన్ని టేపు మీది గీతకు దించుకున్నారు. ఇది తొమ్మిదో తరగతి లెక్క అని మాస్టారు ఒప్పుకున్నారు, "గోడకు వేలాడదీయకుండానే చెప్పొచ్చు" అని ఒక చురకతో.

అసలు తగువు చరిత్ర దగ్గర వచ్చింది. మాస్టారి మనవరాలు బడినుంచి ఒక పని కాగితం తెచ్చింది. అందులో చదరాలకు రంగులు వేయాలి; ఒక్కో నమూనా కింద ఒక్కో అర్థం. మంకీ రెంచ్ గళ్లంటే పనిముట్లు సర్దుకో, బండిచక్రమంటే ప్రయాణానికి సిద్ధంకా, ఎగిరే బాతులంటే ఉత్తరానికి పో. బానిసలు పారిపోయే రోజుల్లో ఇళ్ల ముందు ఆరేసిన క్విల్ట్‌లు ఇలా రహస్య సంకేతాలయ్యాయని పైన రాసుంది. "ఇది ఎవరు చెప్పారు?" అన్నది మాస్టారి ప్రశ్న. మనవరాలు టీచరు చెప్పిందంది. టీచరుకు ఎవరు చెప్పారన్నది కాగితం మీద లేదు.

లైబ్రేరియన్‌కు దీని వరస తెలుసు. 1993లో డెబోరా హాప్కిన్సన్ 'స్వీట్ క్లారా అండ్ ద ఫ్రీడమ్ క్విల్ట్' అనే పిల్లల కథ రాసింది. అందులో క్లారా అనే బానిస పిల్ల పారిపోయే దారిని క్విల్ట్‌లో పటంలా కుడుతుంది. అది కథ. 1999లో జాక్వెలిన్ టోబిన్, రేమండ్ డోబార్డ్ కలిసి 'హిడెన్ ఇన్ ప్లెయిన్ వ్యూ' వేశారు. సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో క్విల్ట్‌లు అమ్మే ఒజెల్లా మెక్‌డేనియల్ విలియమ్స్ తన కుటుంబంలో తరాలుగా వస్తున్నదని చెప్పిన సంకేతాల కథే దానికి మూలం. అక్కడినుంచి ఆ సంకేతాలు పాఠ ప్రణాళికల్లోకి పాకాయి. చరిత్రకారులు ఒప్పుకోలేదు. పారిపోయి వచ్చిన వందల మంది మాటలను విలియం స్టిల్ 1872లో అచ్చువేశాడు. 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వం పంపిన మనుషులు బానిసత్వం అనుభవించినవాళ్లను రెండు వేల పైచిలుకు మందిని కలిసి వాళ్ల మాటలు రాసుకున్నారు. ఈ రెంటిలోనూ అలాంటి సంకేతాల ఊసు లేదని చరిత్రకారుల వాదన. సంకేతంగా చెప్పే లాగ్ క్యాబిన్ నమూనాకు తేదీ తెలిసిన తొలి క్విల్ట్‌లు 1860ల నాటివి. బానిసలు పారిపోవడం అంతకు దశాబ్దాల ముందునుంచీ ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ మూలన ఫ్రెడరిక్ డగ్లస్ స్మారకంలో ఈ సంకేతాలను చరిత్రగా పెట్టబోతే 2007లో గొడవైంది. డగ్లస్ 1838లో నావికుడి వేషంలో రైలెక్కి తప్పించుకున్నవాడు. ఆ ప్రయాణంలో క్విల్ట్ లేదు.

"ఇంత తెలిసీ ఆ పుస్తకాన్ని బీరువాలో ఎందుకుంచావు?"

"క్లారా కథల వరసలో ఉంది మామయ్యా, చరిత్ర వరసలో కాదు. కథను కథగా చదివితే తప్పేమిటి?"

"మీరు పెట్టిన వరస పిల్లకు కనబడదు. ముందు కథ వచ్చింది, ఆరేళ్లకు చరిత్ర పేరుతో పుస్తకం వచ్చింది, ఆ తరవాత రంగుల కాగితం వచ్చింది. ఇలా అతుకులబొంత కట్టి, ఒకరోజు పిల్లకు నిజం తెలిస్తే మిగతా బానిసత్వం పాఠం కూడా అబద్ధమేమో అనుకుంటుంది."

ఇది తేలిగ్గా కొట్టిపారేసే భయం కాదు. లైబ్రేరియన్ పుస్తకాన్ని తీసెయ్యడానికి ఒప్పుకోలేదు. అయిదో తరగతికి ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ఎవరి మాట, ఎప్పటి మాట, దేని ఆధారం అని అడిగించడమే మేలంది. కుటుంబాల్లో చెప్పుకునే మాటలను కొట్టిపారేయకుండానే వాటిని సాక్ష్యంగా తూచడం నేర్పవచ్చు. మాస్టారు దీనికి సగమే తలూపారు. రెండో తరగతి పిల్ల ఆ తూకం వేయలేదు కదా, వాళ్లకిచ్చే కాగితం సంగతేమిటి? దానికి ఆమె దగ్గర మంచి జవాబు లేదు. తరగతిలో ఏం పంచాలో లైబ్రేరియన్ నిర్ణయించదు.

సాక్ష్యం కావాలంటే సందేహం లేని క్విల్ట్‌లున్నాయి. హారియెట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిలు ఘట్టాలతో ఆమె కుట్టిన పదకొండు గళ్ల క్విల్ట్ 1886లో ఏథెన్స్ పట్టణంలో పత్తి సంతలో ప్రదర్శనకు వచ్చింది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు కొంటానంటే పవర్స్ ఇవ్వనంది. కొన్నేళ్ల తరవాత చేతిలో డబ్బాడక తనే తెచ్చి పది డాలర్లడిగింది, స్మిత్ అయిదిచ్చింది. ఒక్కో గడిలో ఏముందో పవర్స్ చెబుతుంటే స్మిత్ రాసుకుంది. ఆ క్విల్ట్ కూడా స్మిత్‌సోనియన్‌లోనే ఉంది. పదిహేను గళ్ల రెండోది బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది; అందులో 1833 నవంబరులో ఆకాశం నుంచి ఉల్కలు వానలా రాలిన రాత్రి ఒక గడి.

తేదీలు చూడగానే మాస్టారు పట్టుకున్నారు. ఉల్కలు రాలింది 1833, ఆమె పుట్టింది 1837. కళ్లతో చూడని సంగతిని కుట్టిందన్నమాట. ఇదే పాఠం అంటుంది లైబ్రేరియన్. ఆ రాత్రి గురించి ఆమెకు పెద్దవాళ్లు చెప్పి ఉండాలి. నాలుగు నోళ్లు దాటిన మాట గుడ్డ మీదికి వచ్చింది. పైగా మొదటి క్విల్ట్ గురించిన వివరణ పవర్స్‌ది, రాత స్మిత్‌ది, ధర స్మిత్ తేల్చినది. పిల్లలను మూడు జట్లుగా విడదీసి ఎవరి గొంతు ఎంత వినబడుతోందని అడిగితే గంట సరిపోదు. ఇక్కడ కుట్టవలసిన పని లేదు. చూడడమే పని.

కథల పుస్తకాల సంగతి త్వరగానే తేలింది. ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1988లో 'టార్ బీచ్' క్విల్ట్ చేసింది, అంచుల్లో గుడ్డ పట్టీల మీద కథ రాసి మరీ. 1991లో అదే పిల్లల పుస్తకమైంది. హార్లెమ్‌లో మేడ మీద పడుకున్న క్యాసీ జార్జ్ వాషింగ్టన్ వంతెన మీదుగా ఎగిరిపోతుంది. పుస్తకం పుటల అడుగున క్విల్ట్ అంచు కనబడుతుంది. పట్రీషియా పొలాకో 'ద కీపింగ్ క్విల్ట్' (1988)లో బొమ్మలన్నీ నలుపు తెలుపు పెన్సిలు గీతలు. రంగు ఒక్క క్విల్ట్ గుడ్డలకే. రష్యానుంచి వచ్చిన యూదు కుటుంబంలో అదే గుడ్డ ఒక పుటలో బల్ల మీద పరిచి ఉంటుంది, ఒక పుటలో పెళ్లి పందిరి, మరో పుటలో పుట్టిన బిడ్డకు చుట్టిన దుప్పటి. చదవడం రాని పిల్లలు కూడా ఆ రంగు వెంట వేలు పెట్టుకుని నాలుగు తరాలు దాటుతారు. మాస్టారు ఈ పుస్తకాలకు అడ్డు చెప్పలేదు. పుస్తకం చదివాక "మీరూ ఒక క్విల్ట్ చెయ్యండి" అనడంతోనే ఆయనకు పేచీ. పిల్లలు గుడ్డ క్రేయాన్‌తో బొమ్మ వేస్తారు; ఇస్త్రీ చేసేది, కలిపి కుట్టేది ఎవరో ఒక పిల్ల తల్లి, రాత్రి పనులన్నీ అయ్యాక. పిల్లలు కుట్టిన క్విల్ట్ అని బోర్డు మాత్రం గోడ మీద. ఇది నిజమేనని లైబ్రేరియన్ ఎదురు చెప్పలేదు. పిల్లలు కుట్టగలిగినంత చిన్నదే చేయించాలని, తల్లుల చేయి పడితే వాళ్ల పేర్లూ రాయాలని మాత్రం అంది.

వేలాడదీయడంలోనూ పద్ధతి ఉంది. మూలలకు మేకులు కొడితే బరువంతా రెండు చోట్ల పడి గుడ్డ చీలుతుంది. వెనక పైఅంచు పొడుగునా గుడ్డ గొట్టం కుట్టి, అందులో చెక్కబద్ద దూర్చి వేలాడదీయాలి. కిటికీ ఎండ తగిలితే రంగులు వెలుస్తాయి; మ్యూజియాలు పాత గుడ్డలను 50 లక్సులకు అటూ ఇటూ మసక వెలుతురులోనే చూపిస్తాయి, చదువుకునే గదికి ఆ వెలుతురు చాలదు. కాబట్టి విలువైనది బడిలో ఏడాదంతా ఉండకూడదు, తాకి చూడడానికి వేరే ముక్క ఉండాలి. అగ్నిమాపక నిబంధనలూ ఉన్నాయి. నీటి స్ప్రింక్లర్లు లేని బడి భవనాల్లో గోడలకు తగిలించే పిల్లల పనులు గోడ వైశాల్యంలో 20 శాతం దాటకూడదని అమెరికాలో చాలాచోట్ల పాటించే నియమం. మాస్టారికి ఇది అన్నిటికన్నా నచ్చిన నిబంధన.

చివరి తగువు బొంత మీద. తెలుగు పిల్లలున్న అమెరికా బళ్లలో ఇంటి గుడ్డ ఏదైనా తెమ్మంటే అమ్మమ్మ కుట్టిన బొంత వచ్చే అవకాశముంది. దాన్ని పవర్స్ క్విల్ట్ పటం పక్కన పెట్టి, "భారతీయ సంప్రదాయ క్విల్ట్" అని చీటీ అంటించడం సులువు. మాస్టారు ఆ చీటీని ఒప్పుకోలేదు. బెంగాల్ కాంథా వేరు, కర్ణాటక సిద్దీల కవంద్ వేరు, మన బొంత వేరు. అన్నీ పాత గుడ్డలే, అన్నిటా వరస కుట్లే. కానీ కాంథా మీద పూలూ బొమ్మలూ కుడతారు, కవంద్‌లో రంగుల అతుకులు పైకి కనబడాలి, బొంతకు చలి ఆగితే చాలు. లైబ్రేరియన్ చీటీ మార్చి మూడు గళ్లు పెట్టింది: కుట్టినదెవరు, ఏ గుడ్డలు, ఎప్పుడు. మొదటి రెండూ ఇంట్లో అడిగితే తెలుస్తాయి. మూడోది ఎవరికీ గుర్తుండదు.

"గుర్తుండక్కర్లేదు," అంది లైబ్రేరియన్. బొంతలో అన్నిటికన్నా కొత్త గుడ్డ ఏదో చూస్తే చాలు. బొంత దానికన్నా పాతది కాలేదు. పొరల్లో పెద్దకూతురి పెళ్లికి కొన్న చీర ఉండి, ఆ పెళ్లి 1984లో అయితే, బొంత 1984 తరవాతిది. మ్యూజియాల్లో క్విల్ట్‌ల వయసు కట్టేవాళ్లు మొదట చూసేదీ ఇదే.

మాస్టారు ఒప్పుకుని, ఒక సవరణ చెప్పారు. అది తేదీ కాదు, అసమీకరణం. చీటీ మీద "1984" అని రాస్తే తప్పు, "1984 తరవాత" అని రాయాలి. కొత్త చీరను ఎవరూ చించి బొంతలో వెయ్యరు కాబట్టి కనీసం పదేళ్లు కలపాలని కూడా అన్నారు. ఆ పదేళ్లకు ఆధారం చూపమంది మేనకోడలు.